నెట్ చూడ్డానికి ఏది కొనాలి? కీప్యాడ్ ఫోన్, స్మార్ట్‌ఫోన్, ట్యాబ్లెట్లను పక్కపక్కన పెట్టి పోల్చే పద్ధతి

ఫోన్ల షాపులో అమ్మే కుర్రాడు ముందుగా చెప్పేది కెమెరా గురించి. తర్వాత బ్యాటరీ, ఆ తర్వాత 5జీ. వెబ్‌సైట్లు చదవడానికి, ఆన్‌లైన్‌లో ఫారాలు నింపడానికి ఎలా ఉంటుందని అడిగితే "అన్నీ బాగానే వస్తాయండీ" అంటాడు. తెరుచుకోవడం వరకు నిజమే, అన్నీ తెరుచుకుంటాయి. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. ఒక ఫోన్‌లో ఫారం సగం నింపి, ఓటీపీ కోసం మెసేజ్‌ల్లోకి వెళ్లి తిరిగొస్తే మీరు రాసింది రాసినట్టే ఉంటుంది. అదే ధర పెట్టి కొన్న ఇంకో ఫోన్‌లో పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతుంది, నింపిందంతా పోతుంది. ఈ తేడా డబ్బా మీద ఎక్కడా రాసి ఉండదు.

బ్రౌజింగ్‌కి నిజంగా పనికొచ్చేవి కొన్నే. స్క్రీన్ వెడల్పు, బ్రౌజర్‌కి మిగిలే ర్యామ్ (తెరిచిన పనులను ఫోన్ పట్టి ఉంచే చోటు), ప్రాసెసర్‌లో ఒక్క కోర్ (లెక్కలు చేసే భాగం) వేగం, ఇంకా ఎన్నేళ్లు బ్రౌజర్ అప్‌డేట్లు వస్తాయన్నది. నెట్‌వర్క్ వీటి తర్వాతే. కెమెరా, గేముల కోసం కొనేవాళ్లకు ఈ వ్యాసంతో పెద్దగా పని లేదు.

1. ముందు మీ పేజీలు రాసుకోండి

షాపుకి వెళ్లేముందు మీరు నిజంగా వాడే ఐదు పేజీల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. అన్నీ ఒకే రకంవి అయితే పరీక్ష దండగ. వెడల్పాటి పట్టిక ఉన్న పేజీ ఒకటి కావాలి. ఆంధ్రలో వాళ్లకు మీభూమి సైటులో భూమి రికార్డులైన అడంగల్, 1-బి ఉన్నాయి. తెలంగాణలో అయితే ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతి పోర్టల్ ఉంది. పొడవాటి తెలుగు వ్యాసం ఉన్న పత్రిక సైటు ఒకటి. ఓటీపీ అడిగే ఫారం ఒకటి. హాల్‌టికెట్‌లా పీడీఎఫ్ దింపుకోవాల్సింది ఒకటి. చివరిది, ప్రకటనలతో ఫొటోలతో కిక్కిరిసిన బరువైన సైటు.

పోల్చేటప్పుడు రెండు పరికరాల్లోనూ ఇవే ఐదు పేజీలు తెరవాలి. నెట్ కూడా ఒకటే ఉండాలి. షాపులో డెమో ఫోన్లకు నెట్ ఉండకపోవచ్చు, ఉన్నా పది ఫోన్లు దాన్నే పంచుకుంటూ ఉండొచ్చు. మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి రెంటినీ దానికి కలపండి. డెమో ఫోన్‌లో బ్యాంకు పాస్‌వర్డ్‌లు, ఆధార్ నంబర్లు మాత్రం కొట్టొద్దు. లాగిన్ అక్కర్లేని పేజీలతోనే పరీక్ష అయిపోవాలి.

2. కీప్యాడ్ ఫోన్ సంగతి ముందే తేల్చేయండి

"4జీ కీప్యాడ్ ఫోన్‌లో కూడా నెట్ వస్తుంది కదా, నాన్నగారికి అది చాలదూ?" అని అడిగేవాళ్లు చాలామంది. 4జీ ఉన్నంత మాత్రాన వెబ్ సరిగ్గా వస్తుందని కాదు. 2017లో వచ్చిన జియోఫోన్‌నే తీసుకోండి. 2.4 అంగుళాల స్క్రీన్, 512 ఎంబీ ర్యామ్, కీప్యాడ్ ఫోన్ల కోసం చేసిన కాయ్ ఓఎస్. ఆ కాయ్ ఓఎస్ 2.5లో ఉన్న బ్రౌజర్‌కి పునాది 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48. ఇప్పటి సైట్లు వాడే కోడ్‌లో చాలా భాగం దానికి అర్థం కాదు. బటన్ నొక్కితే పలకదు, పేజీ సగమే వస్తుంది, క్యాప్చా బొమ్మ కనిపించదు. 2023లో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్ రకం ఫోన్లు పాటలు, సినిమాలు, యూపీఐ లాంటి కొన్ని సొంత యాప్‌ల కోసం చేసినవి. వెబ్ కోసం వాటిని కొనడంలో అర్థం లేదు.

ఈ మధ్య కొన్ని కీప్యాడ్ ఫోన్లలో క్లౌడ్ యాప్‌లు వస్తున్నాయి. 2024లో మళ్లీ వచ్చిన నోకియా 3210 4జీ అలాంటిదే. ఇందులో పేజీ తెరుచుకునేది ఫోన్‌లో కాదు, ఎక్కడో ఉన్న సర్వర్‌లో. ఫోన్‌కి దాని చిత్రం మాత్రం వస్తుంది. వార్తలు, క్రికెట్ స్కోరు చూసుకోవడానికి తెలివైన ఏర్పాటే. ఒపేరా మినీ బ్రౌజర్ గట్టిగా డేటా ఆదా చేసే మోడ్‌లో పనిచేసేదీ దాదాపు ఇదే పద్ధతిలో. కానీ మీరు కొట్టే ప్రతి అక్షరం మధ్యలో ఇంకొకరి సర్వర్ మీదుగా పోతుంది. బ్యాంకు పనులకు దాన్ని వాడొద్దు.

మాట్లాడుకోవడానికి, యూపీఐకి కీప్యాడ్ ఫోన్ బాగానే ఉంటుంది. ఫారం నింపాలంటే మాత్రం స్మార్ట్‌ఫోన్ గానీ ట్యాబ్లెట్ గానీ కావాల్సిందే. ఇక్కడి నుంచి ఆ రెంటి గురించే.

3. అంగుళాలు నమ్మొద్దు, స్కేలు పెట్టి కొలవండి

స్క్రీన్ సైజు అని చెప్పే అంకె మూల నుంచి మూలకు కొలిచింది. ఫోన్లు పొడుగ్గా, సన్నగా మారుతున్నకొద్దీ ఆ అంకె పెరిగింది తప్ప వెడల్పు పెద్దగా పెరగలేదు. పాత 5.5 అంగుళాల ఫోన్ స్క్రీన్ వెడల్పు లెక్కేస్తే సుమారు 6.85 సెంటీమీటర్లు. ఇప్పటి 6.7 అంగుళాల ఫోన్‌ది దాదాపు 7 సెంటీమీటర్లు. అంటే మూలకొలత అంగుళానికి పైగా పెరిగినా, పేజీకి అడ్డంగా దొరికిన చోటు మిల్లీమీటరున్నర మాత్రమే. పెరిగిందంతా నిలువులోనే.

వెబ్ పేజీకి ముఖ్యం వెడల్పే. మొబైల్ కోసం సరిగ్గా కట్టిన సైట్లు ఏ స్క్రీన్‌కి తగ్గట్టు ఆ స్క్రీన్‌లో సర్దుకుంటాయి, వాటితో గొడవ లేదు. మనకు తలనొప్పి తెచ్చేవి కంప్యూటర్ కోసం కట్టి వదిలేసిన సైట్లు. ప్రభుత్వ పోర్టళ్లలో పాత పేజీలు చాలావరకు ఇవే. అలాంటి పేజీని మొబైల్ బ్రౌజర్ 980 పిక్సెళ్ల వెడల్పు అనుకుని గీసి, తర్వాత స్క్రీన్‌లో పట్టేలా కుదిస్తుంది. అది 7 సెంటీమీటర్లలోకి కుదిస్తే, 14 పిక్సెళ్ల అక్షరం ఎత్తు సుమారు ఒక్క మిల్లీమీటరుకు దిగుతుంది. అడంగల్‌లో సర్వే నంబరు చదవాలంటే వేళ్లతో పెద్దది చేసి, పక్కకు జరిపి, పట్టాదారు పేరు కోసం మళ్లీ వెనక్కి జరపాలి. ఇంతలో ఏ వరుసలో ఉన్నామో మర్చిపోతాం.

ఇప్పుడు ట్యాబ్లెట్లు చూడండి. 8.7 అంగుళాల ట్యాబ్లెట్‌ని నిలువుగా పట్టుకుంటే వెడల్పు సుమారు 11.3 సెంటీమీటర్లు. 11 అంగుళాలది 16:10 నిష్పత్తిలో ఉంటే సుమారు 14.8. ఫోన్‌కి రెట్టింపు పైనే! అదే అక్షరం ఇక్కడ రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, కళ్లజోడు ఉన్నవాళ్లూ సుఖంగా చదవగలరు.

ఫోన్‌ని అడ్డంగా తిప్పితే సరిపోదా అంటారేమో. చదవడానికైతే సరిపోతుంది. 6.7 అంగుళాల ఫోన్ అడ్డం తిప్పితే వెడల్పు సుమారు 15.5 సెంటీమీటర్లు వస్తుంది, పట్టిక చక్కగా కనిపిస్తుంది. చిక్కు టైపు చేసేటప్పుడు వస్తుంది. మిగిలిన 7 సెంటీమీటర్ల ఎత్తులో సగానికి పైగా కీబోర్డు తినేస్తే, పైన అడ్రస్ బార్ పోగా ఒకటి రెండు వరుసలు కనిపిస్తే గొప్ప. అందుకే పట్టికలు చూసుకునే పని ఎక్కువుంటే ఫోన్ చాలు, పట్టికలో అంకెలు నింపే పని ఉంటే ట్యాబ్లెట్ కావాలి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు ఇలాంటి పనే. కాలేజీ పక్కన ప్రాధాన్యం అంకె ఒక గడి అటూ ఇటూ అయితే సీటే మారిపోతుంది. దాన్ని ఫోన్‌లో చేయొద్దని నా గట్టి సలహా. ట్యాబ్లెట్ కూడా లేకపోతే కంప్యూటర్ ఉన్న చోటికి వెళ్లడమే మేలు.

కాబట్టి షాపుకి ఒక చిన్న స్కేలు తీసుకెళ్లండి. కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

4. తెలుగు ఒత్తులు చదవండి

ఇంగ్లిష్ అక్షరాలు చూసి స్క్రీన్ బాగుందనుకుంటే మనకు సరిపోదు. తెలుగులో అక్షరం కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు వస్తాయి. ఉన్న చోటులోనే ఇవన్నీ ఇమడాలి. పత్రిక సైటు తెరిచి, అక్షరాలు పెద్దవి చేయకుండా "స్వాతంత్ర్యం", "రాష్ట్రం", "లక్ష్మి" లాంటి మాటలున్న పేరా చదవండి. "అర్థం", "అర్ధం" మధ్య థ లోపలి చుక్క విడిగా కనిపిస్తోందా? ప, వ పక్కపక్కన ఉంటే ఇట్టే పోల్చుకోగలుగుతున్నారా?

ఇక్కడ పిక్సెళ్ల సాంద్రత అక్కరకొస్తుంది. 6.7 అంగుళాల ఫోన్‌లో హెచ్‌డీ ప్లస్ స్క్రీన్ అంటే, 720 × 1600 పిక్సెళ్లయితే, అంగుళానికి సుమారు 262 పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ ప్లస్, అంటే 1080 × 2400 అయితే సుమారు 393. వీడియోలు చూసేటప్పుడు ఈ తేడా చాలామందికి పట్టదు. ఒత్తుల అంచులు మాత్రం హెచ్‌డీ ప్లస్‌లో కాస్త అలికినట్టు ఉంటాయి. రోజూ గంటలకొద్దీ తెలుగు చదివేవాళ్లు 90 హెర్ట్జ్, 120 హెర్ట్జ్ (సెకనుకు స్క్రీన్ ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) అంకెల కన్నా ముందు ఈ ఫుల్ హెచ్‌డీ మాట అడగాలి. తక్కువ ధర ఫోన్లలో కంపెనీలు "120 హెర్ట్జ్" అని పెద్దక్షరాలతో వేసి, హెచ్‌డీ ప్లస్ సంగతి చిన్నక్షరాల్లో పెడుతుంటాయి.

ట్యాబ్లెట్లలో సాంద్రత ఇంకా తక్కువ. 11 అంగుళాల్లో 1920 × 1200 అంటే సుమారు 206. కానీ దాన్ని కళ్లకు దూరంగా పట్టుకుంటాం, అక్షరమూ పెద్దదే కాబట్టి ఇబ్బంది ఉండదు. అంతకన్నా తక్కువ రిజల్యూషన్ ఉన్న పెద్ద ట్యాబ్లెట్ మాత్రం వద్దు.

5. ఓటీపీ పరీక్ష

అన్నిట్లోకీ ఇదే ముఖ్యం. ఏదైనా ఫారం తెరిచి పేరు, ఊరు లాంటివి ఉత్తుత్తివి కొట్టండి. సబ్మిట్ చేయకుండా బ్రౌజర్ నుంచి బయటికొచ్చి మెసేజ్‌లు తెరవండి. తర్వాత కెమెరా తెరిచి ఒక ఫొటో తీయండి, యూట్యూబ్‌లో ఒక వీడియో కాసేపు చూడండి. ఇప్పుడు తిరిగి బ్రౌజర్‌కి రండి. మీరు కొట్టింది ఉందా, తెల్లటి పేజీ వచ్చి మళ్లీ లోడ్ అవుతోందా?

ర్యామ్ చాలనప్పుడు ఆండ్రాయిడ్ వెనకాల ఉన్న యాప్‌లను మూసేస్తుంది. బ్రౌజర్ ట్యాబ్‌లు త్వరగా బలయ్యే వాటిలో ఉంటాయి, ఎందుకంటే ఒక్కో పేజీ ఎక్కువ చోటు పట్టేస్తుంది. నా లెక్కలో 4 జీబీ ఉంటే ఎలాగోలా సర్దుకోవచ్చు, 6 జీబీ హాయి, 8 జీబీ ఉంటే ఈ టెన్షనే ఉండదు. 2, 3 జీబీ ఫోన్లు వెబ్ పనికి వద్దే వద్దు.

"8 జీబీ ర్యామ్" అని రాసి ఉంటే పక్కనే చిన్నగా "4 + 4" ఉందేమో చూడండి. అందులో రెండో 4 అసలు ర్యామ్ కాదు, స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడం. బల్ల మీద చోటు చాలక కాగితాలు అటక మీద పెట్టి, కావాల్సినప్పుడల్లా నిచ్చెన వేసుకుని ఎక్కినట్టు ఉంటుంది వ్యవహారం. ఆ స్టోరేజీ పాత ఈఎంఎంసీ రకందైతే నిచ్చెన ఎక్కడం మరీ నెమ్మది, వేగమైన యూఎఫ్‌ఎస్ రకమైతే చాలా నయం.

కొన్ని కంపెనీల ఫోన్లలో ర్యామ్ బోలెడున్నా ఈ పరీక్ష ఫెయిలవుతుంది. బ్యాటరీ ఆదా చేయాలన్న ఆత్రంతో వెనకాల ఉన్న యాప్‌లను అవే మూసేస్తాయి కాబట్టి. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, క్రోమ్ ఎంచుకుని, బ్యాటరీ దగ్గర "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టి మళ్లీ పరీక్షించండి.

ట్యాబ్లెట్‌తో ఇంకో సుఖం ఉంది. ఫారం ట్యాబ్లెట్‌లో ఉంటుంది, ఓటీపీ చేతిలో ఉన్న ఫోన్‌కి వస్తుంది. బ్రౌజర్ వదిలి వెళ్లే పనే లేదు.

6. వేగం: ఎనిమిది కోర్లని చెబితే పడిపోకండి

వెబ్ పేజీలో ఎక్కువ పని జావాస్క్రిప్ట్ అనే కోడ్‌ది. దానిలో చాలా భాగం ఒక సమయంలో ఒక్క కోర్ మీదే నడుస్తుంది. అందుకే "ఆక్టా కోర్" అన్న మాట బ్రౌజింగ్ గురించి ఏమీ చెప్పదు. ఆ ఎనిమిదిలో పెద్ద కోర్లు ఏ రకంవన్నది చెబుతుంది. చవక ఫోన్లలో కనిపించే యూనిసాక్ టీ606 ప్రాసెసర్‌లో పెద్ద కోర్లు రెండు, కార్టెక్స్ ఏ75 రకంవి. కోర్ల డిజైన్లు చేసే ఏఆర్ఎం కంపెనీ ఆ డిజైన్ ప్రకటించింది 2017లో. మీడియాటెక్ డైమెన్సిటీ 6300లో రెండు ఏ76లు, అది 2018 డిజైన్. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2లో రెండు ఏ78లు, 2020వి. మిగతా ఆరూ మూడిట్లోనూ ఒకటే, చిన్న ఏ55లు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎందుకనుకుంటే నేరుగా కొలిచేయండి. బ్రౌజర్‌లో "స్పీడోమీటర్ 3" అని వెతికితే బ్రౌజర్‌బెంచ్ డాట్ ఆర్గ్ సైటు వస్తుంది. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా బ్రౌజర్ ఇంజినీర్లు కలిసి చేసిన పరీక్ష ఇది, మూడో వెర్షన్ 2024 మార్చిలో వచ్చింది. నిజమైన సైట్లలో జరిగే పనుల్లాంటివే చేయించి చివర ఒక అంకె చూపిస్తుంది, ఎక్కువ వస్తే మంచిది. రెండు పరికరాల్లో ఒకే బ్రౌజర్‌తో, బ్యాటరీ సేవర్ ఆపేసి నడపండి. వెంటనే ఇంకోసారి నడపండి. రెండోసారి అంకె బాగా పడిపోయిందంటే ఆ ఫోన్ వేడెక్కి మందగిస్తోందన్నమాట. ఎండాకాలం మధ్యాహ్నం అది ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అంకెల్లో తేడా కొంచెమే ఉంటే పట్టించుకోవద్దు. ఒకటి ఇంకోదానికి రెట్టింపు ఉంటేనే చేతికి తెలుస్తుంది.

7. బ్రౌజర్‌కి ఇంకెంత ఆయుష్షుందో చూడండి

గాజు పగలకపోయినా, బ్యాటరీ ఉబ్బకపోయినా, బ్రౌజర్ అప్‌డేట్లు ఆగిపోయిన రోజు నుంచి ఆ పరికరం వెబ్‌కి పనికిరాకుండా పోతూ ఉంటుంది. కొత్త ఫోన్ కొనేవాళ్లు దీని గురించి ఆలోచించరు. సెకండ్ హ్యాండ్‌కి వెళ్లేవాళ్లకు మొదటి ప్రశ్నే ఇది కావాలి.

ఆండ్రాయిడ్‌లో క్రోమ్ ప్లే స్టోర్ నుంచి విడిగా అప్‌డేట్ అవుతుంది. కంపెనీ ఓఎస్ అప్‌డేట్లు ఆపేసినా క్రోమ్ కొన్నేళ్లు వస్తూనే ఉంటుంది. ఆండ్రాయిడ్ 8, 9లకు చివరిది క్రోమ్ 138. 2025లో వచ్చిన 139 నుంచి కనీసం ఆండ్రాయిడ్ 10 ఉండాలి. 8 వచ్చింది 2017లో, 9 వచ్చింది 2018లో. అంటే ఒక ఆండ్రాయిడ్ వెర్షన్‌కి ఏడెనిమిదేళ్లు క్రోమ్ వచ్చిందన్నమాట. ఈ లెక్కన ఆండ్రాయిడ్ 14తో ఉన్న ఫోన్‌కి ఇంకా చాలా కాలమే ఉంది. 9 దగ్గర ఆగిపోయింది ఎంత చవగ్గా ఇస్తానన్నా వద్దనండి.

ఐఫోన్ లెక్క వేరు. అక్కడ సఫారీ ఇంజిన్ ఐఓఎస్‌తో పాటే వస్తుంది. మన దేశంలో ఐఫోన్ మీద క్రోమ్, ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నా లోపల నడిచేది అదే ఇంజిన్. ఐఓఎస్ ఆగితే అన్నీ ఆగినట్టే. ఐఫోన్ 8, ఐఫోన్ 10 ఐఓఎస్ 16 దగ్గర ఆగిపోయాయి. ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎస్‌లకు 18 దాకా వచ్చింది గానీ ఐఓఎస్ 26 రాలేదు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి వెళ్తే ఇవన్నీ మెరిసిపోతూ కనిపిస్తాయి. ఈరోజుకి సైట్లు బాగానే తెరుచుకుంటాయి కూడా. రెండు మూడేళ్ల తర్వాత ఏమిటన్నదే ఆలోచించాలి.

కొత్త ఫోన్లలో కంపెనీ ఎన్నేళ్లు మాటిచ్చిందో అడగండి. శాంసంగ్ 2024లో గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు చెప్పింది. గూగుల్ పిక్సెల్ 8 నుంచి ఏడేళ్లు చెబుతోంది. ఇంకా చవక ఫోన్లకు చాలావరకు రెండు మూడేళ్లకు మించి ఉండదు.

8. నెట్‌వర్క్: మీ ఊళ్లో ఏ సిగ్నల్ వస్తుందో దాన్ని బట్టి

బ్రౌజింగ్‌కి 5జీ తప్పనిసరి కాదు. ఈరోజుల్లో మొబైల్ పేజీ సగటున రెండు ఎంబీల పైచిలుకు ఉంటుంది. 4జీలో సెకనుకు 10 మెగాబిట్ల వేగం వచ్చినా అది దిగడానికి రెండు సెకన్లు. అంతకు మించి ఆలస్యమైందంటే తప్పు చాలాసార్లు ప్రాసెసర్‌దో, సైటు సర్వర్‌దో.

చూసుకోవాల్సింది బ్యాండ్లు, అంటే ఆ ఫోన్ ఏ ఏ ఫ్రీక్వెన్సీల సిగ్నల్ పట్టుకోగలదన్నది. ఈ వివరం కంపెనీ సైట్లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ పేజీలో ఉంటుంది. జియో 4జీకి 3, 5, 40 బ్యాండ్లు కావాలి. ఎయిర్‌టెల్‌కి 1, 3, 8, 40. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్ మీద వస్తోంది, అంటే బ్యాండ్ 28, బ్యాండ్ 1. పాత ఫోన్లలో కొన్నిటికి బ్యాండ్ 28 లేదు. 700 మెగాహెర్ట్జ్ సిగ్నల్ దూరం పోతుంది, గోడలు దాటి లోపలికీ వస్తుంది. ఊరవతల పొలం దగ్గరో, ఏజెన్సీ గ్రామంలోనో బీఎస్‌ఎన్‌ఎల్ మీద ఆధారపడేవాళ్లు ఈ బ్యాండ్ లేని ఫోన్ కొంటే ఆ లాభం పోగొట్టుకున్నట్టే.

5జీ కావాలనుకుంటే ఎన్28, ఎన్78 అనే 5జీ బ్యాండ్లు రెండూ ఉన్నాయా, ఎస్‌ఏ (పూర్తిగా 5జీ మీదే నడిచేది), ఎన్‌ఎస్‌ఏ (4జీని ఆసరా చేసుకుని నడిచేది) రెండింటికీ పనిచేస్తుందా అని చూడండి. జియో మొదటి నుంచి ఎస్‌ఏ పద్ధతిలో వెళ్లింది, ఎయిర్‌టెల్ ఎన్‌ఎస్‌ఏతో మొదలుపెట్టింది. 2024 చివర్లో వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీలో ఎస్‌ఏ ఒక్కటే ఉంది. దాంతో పెట్టె మీద 5జీ అని ఉన్నా ఎయిర్‌టెల్ ఎన్‌ఎస్‌ఏ సిగ్నల్ మీద అది 4జీ ఫోనే.

ట్యాబ్లెట్ వైఫైది కొనాలా, సిమ్ వేసేది కొనాలా? ఇంట్లో వైఫై ఉండి, చేతిలో మంచి ఫోన్ ఉంటే వైఫైది చాలు. బయట హాట్‌స్పాట్ ఉంది. అయితే ట్యాబ్లెట్‌తో ఫోన్ మానేద్దామనుకోవద్దు. యూపీఐ యాప్‌లు బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ ఆ పరికరంలోనే ఉండాలంటాయి. సెల్యులార్ ఐప్యాడ్‌లో సిమ్ వేసినా మామూలు ఫోన్ కాల్స్ రావు.

9. గుమ్మం దాకా తీసుకెళ్లండి

షాపు లోపలి లైట్లలో ప్రతి స్క్రీనూ బాగుంటుంది. అడిగి గుమ్మం బయట ఎండలోకి తెచ్చి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, తెల్లటి పేజీ మీద అక్షరాలు చదివి చూడండి. బస్టాండులో నిలబడి టికెట్ బుక్ చేసేవాళ్లకు ఇది అవసరం, ఇంట్లో కూర్చుని చదివేవాళ్లు వదిలేయొచ్చు. ట్యాబ్లెట్ అయితే ఒంటిచేత్తో కాసేపు పట్టుకుని చూడండి. 8.7 అంగుళాలవి 330 గ్రాముల చుట్టూ, 11 అంగుళాలవి అర కిలో దగ్గర ఉంటాయి. పడుకుని చదివే అలవాటుంటే పెద్దది నాలుగు రోజుల్లో బీరువా ఎక్కుతుంది.

బ్యాటరీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇప్పుడొచ్చే 5000 ఎంఏహెచ్ ఫోన్లన్నీ బ్రౌజింగ్‌తో రోజు గడుపుతాయి.

10. అమెరికా నుంచి తెచ్చేవి, చేతులు మారినవి

అక్కడి నుంచి వచ్చే చుట్టాలు ఏదో ఒకటి తేవడం మనకు మామూలే. అడిగే ముందు మూడు విషయాలు చెప్పి ఉంచండి. అమెరికాలో అమ్మే ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో సిమ్ పెట్టే ట్రేనే ఉండదు, ఈసిమ్ (ఫోన్‌లోనే ఇమిడి ఉండే సిమ్) ఒక్కటే. ఇక్కడ ఈసిమ్ తీసుకోవాల్సి ఉంటుంది. వాయిదాల మీద అక్కడి నెట్‌వర్క్ కంపెనీ నుంచి కొన్న ఫోన్ లాక్ అయి ఉండొచ్చు, అన్‌లాక్ అయిందే తెమ్మనండి. ఇక అమెజాన్ ఫైర్ ట్యాబ్లెట్లు చవగ్గా వస్తాయని తెస్తుంటారు. వాటిలో గూగుల్ ప్లే స్టోర్ ఉండదు. సిల్క్ అనే సొంత బ్రౌజర్‌తో చదువుకోవడానికి బాగానే ఉంటాయి గానీ మన యాప్‌లు చాలావరకు దొరకవు.

సెకండ్ హ్యాండ్ ఫోన్ ఏదైనా సరే, డబ్బు ఇచ్చేముందు *#06# నొక్కి ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు) నంబరు చూడండి. KYM అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెల నంబరు 14422కి ఎస్‌ఎంఎస్ చేయండి. అది దొంగిలించిందని బ్లాక్ చేసిన ఫోనో కాదో జవాబొస్తుంది. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూసుకోవచ్చు.

11. ఏది కొనాలో తేలకపోతే

ఐదు పేజీల్లో నాలుగు పట్టికలు, ఫారాలు అయితే, ఇంట్లో ఇప్పటికే 6 జీబీ ఫోన్ ఉంటే, ఫోన్ మార్చకండి. ఆ డబ్బుతో 8 నుంచి 9 అంగుళాల వైఫై ట్యాబ్లెట్ కొనండి. ఖరీదైన ఫోన్‌కి మారినా వెడల్పు ఏడు సెంటీమీటర్ల చుట్టూనే ఉంటుంది. పత్రికలు, వ్యాసాలు చదవడం ఎక్కువైతే ఫుల్ హెచ్‌డీ ప్లస్ ఫోన్. పెద్దవాళ్ల కోసమైతే 11 అంగుళాల ట్యాబ్లెట్, స్టాండు ఉన్న కవర్‌తో. ఉన్నది ఒక్క పరికరానికే డబ్బైతే మాత్రం ఫోనే, అందులో నిజమైన 6 జీబీ ర్యామ్ ఉండేలా చూసుకుని మిగతావి తగ్గించుకోండి.

12. కొన్న రోజే చేయాల్సినవి

ప్లే స్టోర్‌లో క్రోమ్, "ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ" రెండూ అప్‌డేట్ చేయండి. చాలా యాప్‌ల లోపల తెరుచుకునే పేజీలకు రెండోదే ఆధారం.

క్రోమ్ సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీలోకి వెళ్తే అక్షరాలు పెద్దవి చేసే స్లైడర్, "ఫోర్స్ ఎనేబుల్ జూమ్" అనే మీట ఉంటాయి. జూమ్ చేయనివ్వని సైట్లు ఆ మీటతో దారికొస్తాయి. పీడీఎఫ్ బటన్ నొక్కితే ఏమీ జరగకపోతే సైటు పాడైందనుకోవద్దు. చాలా పోర్టళ్లు ఆ ఫైలును కొత్త విండోలో తెరుస్తాయి, క్రోమ్ దాన్ని పాప్‌అప్ అనుకుని ఆపేస్తుంది. సైట్ సెట్టింగ్స్‌లో ఆ ఒక్క సైటుకి పాప్‌అప్‌లు అనుమతించండి, అన్నిటికీ ఇవ్వకండి.

ప్రకటనలతో నిండిపోయిన సైట్ల కోసం ఫైర్‌ఫాక్స్ కూడా పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో దానికి ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ తగిలించుకోవచ్చు. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో కూడా పేజీలు తేలికవుతాయి, డేటా మిగులుతుంది. "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడిగే ప్రతి సైటుకీ వద్దనే చెప్పండి.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు వాపసు గడువు ఎప్పటిదాకా ఉందో ఆర్డర్ పేజీలో చూసి పెట్టుకోండి. డబ్బా, బిల్లు దాచండి. గడువు లోపల ఒకసారి రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య, అందరూ నెట్ వాడే సమయంలో, ఇంట్లో సిగ్నల్ బాగా తక్కువగా ఉండే గదిలో కూర్చుని ఆ ఐదు పేజీలూ మళ్లీ తెరవండి. ఈసారి లాగిన్ అయి, నిజమైన ఓటీపీతో.